జాక్ దిగుతాండాది

బండిని పైకి లేపే జాక్ అట్టపెట్టెలో ఇంటికి వచ్చిన రోజు నుంచి జ్యోతిలక్ష్మి కుడి చేతిని కొంగులో చుట్టుకొని తిరగడం మొదలుపెట్టింది. అట్లా చుట్టుకుంటున్నట్టు ఆమెకే తెలియదు. భర్త జయరాముడు అడిగితే తెలిసింది.

"చేతికేమైందే?"

"ఏమీ కాలేదు."

"మరి కొంగులో ఏమి దాచినావు? లడ్డూనా?"

చెయ్యి బయటికి తీసి చూసుకుంది. బాగానే ఉంది. ఐదు వేళ్లూ ఉన్నాయి. మళ్లీ పనిలో పడ్డాక ఆ చెయ్యి దాని దారిన అది కొంగులోకి పోయింది.

ఆమె పని వార్పు అతకడం. ధర్మవరంలో పట్టుచీర నేసేవాళ్లను లోకమంతా ఎరుగును గానీ, వార్పు అతికేవాళ్లను నేసేవాళ్లు తప్ప ఎవరూ ఎరగరు. మగ్గం మీద నిలువు పోగుల చుట్ట, అదే వార్పు, మూడు నాలుగు చీరలకు అయిపోతుంది. పాత పోగుల కొసలు దువ్వెనలాంటి పన్నె పళ్ల సందున అట్లాగే మిగిలి ఉంటాయి. కొత్త వార్పు తెచ్చి ఒక్కో కొత్త పోగును ఒక్కో పాత కొసకు కలపాలి. ఐదువేల చిల్లర పోగులు. ముడి వేయడానికి లేదు, ముడి పన్నెలో దూరదు. బొటనవేలికీ చూపుడువేలికీ చిటికెడు బూడిద అద్దుకొని, రెండు కొసలనూ కలిపి నలిపి, వెనక్కి మడిచి ఇంకోసారి నలపాలి. బూడిద లేకపోతే పట్టు జారుతుంది. బూడిద ఉండీ వేళ్లు సరిగ్గా లేకపోతే, అతికినట్టే అతికి, మగ్గం కదలగానే తెగుతుంది.

నేతగాళ్ల చేతుల్లో సరస్వతి కొలువుంటుందని సన్మాన సభల్లో చెబుతుంటారు. సరస్వతి సంగతి అట్లా ఉంచితే, జ్యోతిలక్ష్మి వేళ్ల మీద వేలిముద్రలే లేవు. ముప్పై ఏళ్ల బూడిదకు అరిగిపోయాయి. రేషన్ బియ్యానికి పోతే మిషను ఆమె బొటనవేలిని గుర్తుపట్టదు. "నువ్వు బతికే ఉండావా అక్కా?" అని డీలరు నవ్వి, జయరాముడి వేలు పెట్టించుకొని బియ్యం కొలుస్తాడు.

ఈ పని ఆమెకు నేర్పింది చిన్నమ్మ హనుమంతమ్మ. ఆ రోజుల్లో హనుమంతమ్మ వేళ్లకు ధర్మవరంలో ఎదురు లేదు. ఒక ఉగాదికి బజ్జీలు వేస్తుంటే చూపుడువేలు కాగే నూనెలో మునిగింది. పుండు మానింది. వేలు వంగడం కూడా వంగింది. కానీ ఆ కొన మీద చర్మం మొద్దుబారింది, పోగు ఉన్నదీ లేనిదీ తెలియలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆమె వేరేవాళ్ల ఇళ్లలో తెగిపడిన పట్టు ఏరి, శుభ్రం చేసి, తూకానికి అమ్ముకొని బతికింది. జ్యోతిలక్ష్మి బజ్జీలు వేయదు. కత్తిపీట ముందు కూర్చోదు. తలుపు వేసేటప్పుడు ఎడమ చెయ్యి వాడుతుంది. ఇరుగుపొరుగు దీన్ని గీర అంటారు. "రాణిగారు వంకాయ కూడా కొయ్యరంట" అంటారు. ఆమె వింటుంది, ఊరుకుంటుంది. రెండు వేళ్ల మీద ఇల్లు నడుస్తున్నప్పుడు మనిషికి ఆ మాత్రం పిరికితనం ఉండాలి.

జయరాముడు కూడా నేసినవాడే. మరమగ్గాల చీర సగం ధరకు వచ్చి కూర్చున్నాక ఆయన మగ్గం ఆగింది. రెండేళ్లు ఆగి, అమ్ముడుపోయింది. అది నిలబడిన చోట గుంతను రాళ్లతో పూడ్చి పైన బండ పరిచారు. అప్పటినుంచి ఆయన పని పెళ్లాన్ని బండి మీద ఊరూరూ తిప్పడం. బత్తలపల్లి దారిలో ఒక మగ్గం, ముదిగుబ్బ దారిలో ఇంకొకటి. ఆమె లోపల వార్పు దగ్గర కూర్చుంటే ఆయన బయట అరుగు మీద కూర్చుంటాడు. "ఏమప్పా జయరాముడూ, డూటీకి వచ్చినావా?" అని ఆ ఊరి మగవాళ్లు పలకరిస్తారు. ఆయన నవ్వుతాడు. నవ్వి, బండిని తుడుస్తాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తాడు.

అందుకే ఆ జాక్.

ఒకప్పుడు మగ్గం పైనుండి అంచు పువ్వులు తీసే జాకార్డు మిషన్లను విప్పి బిగించిన చేతులు ఆయనవి. మిషన్ అంటే మిషనే, దారం నడిపేదైతేనేమి, చక్రం తిప్పేదైతేనేమి అని ఆయన నమ్మకం. ఫోనులో వీడియోలు చూశాడు. ఇంట్లోనే బండిని గాలిలోకి లేపి చైను కడిగేవాళ్లను, బ్రేకులు మార్చేవాళ్లను చూశాడు. బండి సెంటర్ స్టాండు ఎప్పుడో తుప్పుపట్టి విరిగింది. ఇంక జాక్ లేకుండా ఎట్లా? ఉన్నవాటిలోకల్లా చవకది తెప్పించాడు.

"నాలుగున్నర చుక్కలు ఇచ్చినారు దీనికి జనం. వెయ్యిమంది" అన్నాడు పెట్టె కోస్తూ.

"ఆ చుక్కలు పెట్టినోళ్లంతా దాని కింద చెయ్యి పెట్టినారా?"

"నీ నోట్లో మంచి మాటే రాదా?"

ఎర్ర రంగు వేసిన ఇనుప చట్రం, మధ్యలో ఆయిలు నింపిన చిన్న గొట్టం, దానిలోంచి బయటికి జరిగే నిగనిగలాడే కడ్డీ. పిడి పట్టుకొని పది పన్నెండుసార్లు కొడితే కడ్డీ పైకి వస్తుంది, పైనున్న పలక బండిని ఎత్తుకుంటుంది. దిగకుండా ఆపడానికి పక్కన లాకు ఒకటి ఉందన్నారు. అగ్గిపుల్లకు అన్నలాంటి ఒక పుల్ల. మొదటిసారి బండి బరువు పడగానే అది వంగిపోయింది. జయరాముడు దాన్ని పీకి కిటికీలో పెట్టాడు.

"అది ఊరికే పేరుకు. ఆయిలు పట్టుకుంటాది."

బండి లేచింది. జయరాముడి మొహం కూడా లేచింది. మగ్గం పోయాక ఆయన మొహంలో ఆ వెలుగు జ్యోతిలక్ష్మి చూడలేదు. చైను కడగడానికి ఆయన కూర్చున్నాడు. ఆమె టీ పెట్టడానికి పొయ్యి దగ్గరికి పోయింది. టీ తెచ్చి ఇస్తూ బండి వైపు చూసింది. 

"దిగుతాండాది."

"ఏమి?"

"జాక్. దిగుతాండాది."

"నీకు పిచ్చి."

కానీ పోగులతో ముప్పై ఏళ్లు గడిపిన కళ్లకు వెంట్రుకవాసి తేడా కూడా తేడాయే. ఇందాక చక్రం కింద పిడికిలి దూరేంత సందు ఉంది. ఇప్పుడు నాలుగు వేళ్లు దూరేంత. జయరాముడు వంగి చూశాడు, గడ్డం గోక్కున్నాడు.

"ఈడ మగ్గం గుంత పూడ్చినాం కదా. బండ దిగింటాది."

జాక్‌ను వసారాలోకి మార్చారు. అక్కడ గట్టి నేల. జ్యోతిలక్ష్మి లోపలికి పోయి తెగిన పట్టుపోగు ఒకటి తెచ్చింది. బండి సీటు వెనక కడ్డీకి ఒక కొస కట్టింది, రెండో కొసను కిందికి లాగి బండరాయికి బిగించింది. పోగు సూటిగా, వీణ తీగలాగా నిలిచింది.

"ఇదేమే?"

"బండి దిగితే పోగు వంగుతాది. నా కళ్లు అబద్ధం చెప్తాండాయో, నీ జాక్ చెప్తాండాదో తేలిపోతాది."

ఇద్దరూ దాని ముందు కూర్చున్నారు. పక్కింటావిడ మిద్దె మీద వడియాలు ఎండబెడుతూ వీళ్లను చూసి, మొగుడూ పెళ్లాం బండికి ఏదో పూజ చేస్తున్నారనుకుంది. పావుగంటలో పోగు వంగింది. ముందు సన్నగా, తర్వాత కొడవలిలాగా.

జయరాముడు ఆయిలు వదిలే స్క్రూను బలంగా బిగించాడు. అప్పుడు పోగు వంగడానికి అరగంట పట్టింది. అంతకు మించి బాగుపడలేదు. వెనక్కి పంపుదామంటే ఈ బిగింపులతోనే వారం గడిచి గడువు దాటింది. వీధి చివర పంక్చర్ షాపు తిప్పయ్యకు చూపిద్దామంటే ఆయనతో మాటామాటా వచ్చి ఉంది. "మగ్గం అమ్మినోనివి, నాకు పోటీ వస్తావా? రేపు నేను చీర నేస్తా చూడు" అని నలుగురి ముందు అన్నాడు తిప్పయ్య. హాస్యానికే అన్నాడు. జయరాముడికి అది హాస్యంగా అనిపించలేదు.

ఆషాఢం నడుస్తోంది. శ్రావణమాసం పెళ్లిళ్లకు చీరలు కావాలని షావుకార్లు నేతగాళ్లను తొందరపెడుతున్నారు. బత్తలపల్లి దగ్గర పల్లెలో పద్మజ అనే ఆవిడ మగ్గం మీద వార్పు అయిపోయింది, రెండు రోజుల్లో రమ్మని ఫోను చేసింది. సరిగ్గా అప్పుడే బండి వెనక చక్రం గరగరమనడం మొదలైంది. లోపల బేరింగు పోయింది.

"నేనే మారుస్తా" అన్నాడు జయరాముడు.

"తిప్పయ్యన్న దగ్గరికి పోదాం."

"వాని దగ్గరికి నా శవం పోతాది."

"శవం పోయేదానికి బండి ఎందుకులే."

ఆయన నవ్వలేదు. కొత్త బేరింగు తెచ్చాడు. పొద్దున తొమ్మిదికి బండిని జాక్ మీద లేపి, చక్రం ఊడదీశాడు. పాత బేరింగు తట్టి తీసి, కొత్తది బిగించడం వరకూ చక్కగా చేశాడు. చేతనైనవాడే, అందులో అనుమానం లేదు. మధ్య మధ్యలో జాక్ దిగుతుంటే లేచి నాలుగుసార్లు పిడి కొడుతున్నాడు. చిక్కంతా చక్రాన్ని తిరిగి ఎక్కించే దగ్గర వచ్చింది. చక్రం రెండు ఇనుప చేతుల మధ్య నిలబడాలి. కుడివైపు నుంచి ఇరుసు కడ్డీ తోస్తే అది చక్రం గుండా పోయి ఎడమవైపు రావాలి. ఎడమవైపు చక్రానికీ ఇనుప చేతికీ మధ్య ఉంగరంలాంటి బుష్ ఒకటి కూర్చోవాలి. ఇరుసు దానిలో దూరేదాకా ఎవరో దాన్ని వేళ్లతో పట్టుకోవాలి.

ఆయన వేళ్లు లావు. సందులో దూరలేదు. మూడుసార్లు ప్రయత్నించాడు. మూడుసార్లూ బుష్ కిందపడింది.

"జ్యోతీ, ఇట్లా రా."

ఆమెకు ఎందుకో తెలుసు. చేతిని కొంగులోనే ఉంచి వచ్చింది.

"నీ వేళ్లు సన్నం. ఆ బుష్ పట్టుకో. నేను ఇటునుంచి తోస్తా. ఒక్క నిమిషం."

ఆమె ఆ సందు చూసింది. చక్రం నేల మీద ఉంది. దాని పైనున్న బండి మొత్తం జాక్ మీద ఉంది. జాక్ దిగితే బండి దిగుతుంది, చక్రం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఉండేది కత్తెర. దానిలో పెట్టమంటున్నది రెండు వేళ్లు. ఏ రెండు వేళ్లో చెప్పక్కరలేదు.

"నేను పెట్టను."

"ఒక్క నిమిషమే."

"దిగుతాండాది కదయ్యా."

"అరగంటకు కదా దిగేది! నిమిషానికి ఏమైతాది? చేసేదంతా చేసినాక ఈడ ఆపి, బండిని భుజాన వేసుకొని తిప్పయ్య దగ్గరికి పొమ్మంటావా? రేపు పద్మజకు ఏమి చెప్తావు?"

ఆయన గొంతులో కోపం కంటే ఎక్కువ వేరే ఏదో ఉంది. జ్యోతిలక్ష్మి అది గుర్తుపట్టింది. మగ్గం కొన్నవాళ్లు వచ్చి విప్పుకొని పోతున్న రోజు వాళ్లతో మాట్లాడిన గొంతు అది. భర్త మొహం చూసి భయం దాచుకునే భార్యల గురించి చాలా గొప్పగా చెబుతుంటారు. ఆమె భయం దాచుకోలేదు. దాన్ని పోగొట్టుకోవాలనుకుంది, అదే పొరపాటైంది. భయపడినవాళ్లు భయంతో ఊరికే ఉండలేరు, దానికి ఏదో ఒక విరుగుడు వెతుకుతారు. దొరికిన విరుగుడు తమ చేతికి అలవాటైనదైతే ఇంక అడగనే అక్కరలేదు.

జాక్ కడ్డీ ఆయిలుతో తడిగా మెరుస్తోంది. ఆమె కళ్లకు అది జారుతున్న పట్టుపోగులా కనిపించింది.

"బూడిద పూద్దాం" అంది.

"యాడ?"

"కడ్డీకి. నునుపుకు జారుతాండాది. పట్టు జారితే ఏమి చేస్తాం?"

జయరాముడు ఒక్క క్షణం ఆలోచించాడు. ఆయన కూడా నేసినవాడే. ఆయనకూ అది సబబుగానే తోచింది. మోటారు షాపులో పెరిగినవాడైతే ఆ మాటకు తల బాదుకునేవాడు. ఆ ఇంట్లో మాత్రం జారే ప్రతిదానికీ బూడిదే మందు.

ఆమె డబ్బా తెచ్చింది. జల్లెడ పట్టిన మెత్తటి బూడిద. కడ్డీ చుట్టూ, అది గొట్టంలోకి పోయే అంచు దగ్గర మరీ ఒత్తుగా, ఎడమచేత్తో పూసింది. జయరాముడు పిడి కొట్టి బండిని మళ్లీ పైకెత్తాడు. కొత్త పోగు కట్టారు. కూర్చున్నారు.

పావుగంట. పోగు వంగలేదు.

అరగంట. వంగలేదు.

"చూసినావా?" అన్నాడు జయరాముడు. "వెయ్యిమంది చుక్కలు పెట్టినారు గానీ ఒక్కనికీ ఈ తెలివి లేకపోయె."

ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. పోగు సూటిగానే ఉంది. కళ్లతో చూసింది కదా, తను చేసిన పని నిలబడింది కదా. అయినా చెంబెడు నీళ్లు తాగి వచ్చి బండికి ఎడమవైపు గొంతుక్కూర్చుంది. బుష్ తీసుకుంది. రెండు వేళ్లతో పట్టుకొని సందులోకి పెట్టింది. ఇనుము చల్లగా తగిలింది. అవతల జయరాముడు ఎడమకాలు ముందుకు చాపి, ఇరుసును కన్నంలో పెట్టి సుత్తితో మెల్లగా తట్టాడు.

"కొంచెం పైకి. ఇంగ కొంచెం. నీ చూపు యాడుండాది? బుష్‌ను చూడు."

"దాన్ని వేళ్లతో చూస్తాండా. నువ్వు తొయ్యి."

ఆమె చూపు పోగు మీద ఉంది. రెప్ప వేయలేదు. ఠక్ అని సుత్తి. ఇరుసు కొన వచ్చి ఆమె వేలి గోరుకు తగిలింది. ఇంకొక్క దెబ్బ, అంతే. ఠక్.

పోగు వంగింది.

చెయ్యి తీయాలని ఆమె అనుకోలేదు. అనుకునే వ్యవధి లేదు. చెయ్యి బయటికి వచ్చేసింది, బుష్ బండ మీద పడి ఖంగుమంది. "ఏమే..." అని జయరాముడు మొదలుపెట్టాడు. మాట పూర్తి కాలేదు. జాక్ ఇంతసేపూ దిగినట్టు మెల్లగా దిగలేదు. ఉస్సుమని ఒక్క నిట్టూర్పు విడిచి కూలబడింది. ఆమె వేళ్లున్న చోట ఇనుము ఇనుముకు కరుచుకుంది. బండి కుడివైపుకు ఒరిగి జయరాముడి పాదం మీద పడింది.

ఆయన అరుపుకు మిద్దె మీది కాకులు లేచిపోయాయి.

జ్యోతిలక్ష్మి చుట్టూ తిరిగి పరుగెత్తింది. కాలు పెట్టుకునే ఇనుప కడ్డీ కింద ఆయన ఎడమ పాదం నలిగి ఉంది. బండిని ఎత్తాలి. రెండు చేతులూ దాని కిందికి పెట్టి ఎత్తాలి. ఆమె వంగింది. ఎడమచెయ్యి కిందికి పోయింది. కుడిచెయ్యి పోలేదు. మోచెయ్యి మడుచుకొని, పిడికిలి బిగించుకొని చంకలో దూరి కూర్చుంది. రమ్మంటే రాలేదు. ఆమె ఎడమచెయ్యీ భుజమూ పెట్టి, పళ్లు కరుచుకొని నెట్టింది. బండి ఒక బెత్తెడు లేచింది, మళ్లీ పడింది. ఆయన మళ్లీ అరిచాడు. అరుస్తూనే ఆమె చంక వైపు చూశాడు. ఆమెకు ఆ చూపు తెలిసింది. అయినా చెయ్యి తీయలేదు.

"తిప్పయ్యన్నా! ఓ తిప్పయ్యన్నా! రండి ఎవరన్నా!"

తిప్పయ్య చేతిలో ట్యూబుతోనే పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి బండిని లేపారు. చుట్టుపక్కలవాళ్లు వచ్చారు. జ్యోతిలక్ష్మి వేళ్లు ఒక్క క్షణంలో తప్పించుకున్నాయని తెలిసి, దేవుడు చల్లగా చూసినాడన్నారు. పోగు వంగడం వాళ్లెవరూ చూడలేదు కాబట్టి ఆ పేరు దేవుడికి పోయింది.

ఆసుపత్రికి ఆటో వచ్చేలోపు తిప్పయ్య జాక్‌ను తిరగేసి చూశాడు. కడ్డీ అంచు తుడిచి, వేళ్లకంటిన నల్లటి బురదను వాసన చూశాడు.

"ఇదేమిది జయరాముడూ?"

"బూడిద" అంది జ్యోతిలక్ష్మి. "నేనే పూసినా."

తిప్పయ్య ఆమెను చూశాడు. ఎగతాళి చేయబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

"జ్యోతమ్మా, ఆయిలు కారేది కడ్డీ నునుపుకు కాదమ్మా. లోపల రబ్బరు ఉంటాది, అది చవక రబ్బరు. నీ బూడిద ఆయిల్లో కలిసి ముద్దయ్యి కాసేపు అడ్డం పడింటాది. మీకు ఆగినట్టు కనపడింటాది. ఆ కాసేపట్లోనే ఆకురాయి మాదిరి రబ్బరును కోసేసినాది."

"పూయకపోయింటే?"

"మెల్లగా దిగుతాంటాది, అంతే."

ఆమె బూడిద అంటిన ఎడమచేతిని చీరకు తుడుచుకుంది.

"అయినా జాక్‌ను నమ్మి ఎవరన్నా కింద చెయ్యి పెడతారాప్పా?" అని తిప్పయ్య జయరాముడి వైపు తిరిగాడు. "నా షాపులో దీనికి నాలుగింతల జాక్ ఉండాది. దాన్నీ నమ్మను. లేపేదానికే జాక్. లేపినాక కింద రెండు దిమ్మెలు పెట్టి బరువు వాటి మీదికి దించాల. అప్పుడు జాక్ చచ్చినా బండి చావదు. నీ వీడియోలో దిమ్మెలు చూపించలేదా?"

"చూపించలేదు" అన్నాడు జయరాముడు నొప్పితో. పాదం వైపు చూసుకొని, "చూపించినారేమో. నేనే చూడలేదు" అన్నాడు.

పాదంలో రెండు ఎముకలు చిట్లాయి. ఆరువారాలు కట్టు. ఎడమకాలు కాబట్టి గేరు వేయడానికి లేదు, బండి నడపడానికి లేదు. సాయంత్రం ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టాక, అందరూ పోయాక, జయరాముడు పైకప్పు చూస్తూ అన్నాడు.

"కుడిచెయ్యి పెట్టలేదు నువ్వు."

దాపరికానికి ఏముంది.

"పెట్టలేదు."

ఆమె ఎదురుచూసింది. ఏమన్నా పడదామని సిద్ధపడింది. మొగుడు బండి కింద పడి అరుస్తుంటే చెయ్యి చంకలో పెట్టుకున్న ఆడదానికి ఊళ్లో ఏ పేరు పెడతారో ఆమెకు తెలుసు.

"పెట్టి, అదీ నలిగింటే?" అన్నాడాయన. "ఇద్దరమూ ఈ మంచం మీదే కూర్చొని ఒకరి మొహం ఒకరం చూసుకుంటాంటిమి." తర్వాత గోడవైపు తిరిగాడు. "అయినా చూసినప్పుడు కడుపు మండింది. చెప్తాండా, అంతే. దాచుకోలేను."

"దాచుకోవద్దులే."

ఒకరోజు ఆలస్యంగా, ఆమె బత్తలపల్లి బస్సెక్కింది. కిటికీ పక్క సీటు దొరికినా లోపలికి జరిగి కూర్చుంది. బస్సు కుదుపుకు కిటికీ అద్దం దభీమని కిందికి జారితే? ఇంతకుముందు ఎన్నడూ రాని ఆలోచనలు ఇవి. దిగి పల్లెకు నడుస్తుంటే ఇంటి ముందు మనిషి లేకుండా నిలబెట్టిన ప్రతి బండినీ దూరంగా చుట్టి పోయింది.

పద్మజ వార్పును సిద్ధంగా పరిచి ఉంచింది. పసుపుపచ్చ పట్టు, కిటికీ వెలుతురులో తడిసినట్టుంది. జ్యోతిలక్ష్మి కాళ్లు మడుచుకొని కూర్చుంది. డబ్బా మూత తీసి బూడిద చూసింది. ఒక్క క్షణం ఆగి అద్దుకుంది. మొదటి పాత కొస, మొదటి కొత్త కొస. కలిపి నలిపింది.

విడిపోయింది.

మళ్లీ. విడిపోయింది.

వేళ్లను చూసుకుంది. గీత కూడా పడలేదు వాటిమీద. కానీ కొనల్లో సన్నటి వణుకు, చూస్తే కనిపించనిది, పోగుకు మాత్రమే తెలిసేది. పక్కింట్లో ఎవరో మగ్గం ఆడిస్తున్నారు. చెక్క చెక్కకు ఠక్కుమని తగిలినప్పుడల్లా ఆమె భుజం ఎగిరిపడుతోంది. హనుమంతమ్మ చిన్నమ్మకు వేలు మొద్దుబారడానికి నూనె కావలసి వచ్చింది. తనకు ఏమీ తగలకుండానే పోతుందా?

"ఏమక్కా, చెయ్యి వణుకుతాండాదే?" అంది పద్మజ.

"బస్సులో కూర్చొని కూర్చొని."

"బావ ఎట్లుండాడు?"

"ఉండాడు. అరుస్తాండాడు, అంటే బాగున్నట్టే."

మూడో ప్రయత్నానికి మొదటి అతుకు పడింది. ఆమె దాన్ని లాగి చూసింది. ముప్పై ఏళ్లలో తన అతుకును తను లాగి చూసింది లేదు. రెండోది అతికింది, లాగి చూసింది. మూడోది లాగితే ఊడింది. మళ్లీ అతికింది.

"అట్లా ఒక్కొక్కటీ లాగితే శ్రావణం కాదు, సంకురాత్రి వస్తాది" అని పద్మజ నవ్వింది, కాస్త భయంగానే నవ్వింది. చీర ఆమెది.

"ఊడేదైతే ఈడే ఊడనీ. మగ్గం మీద ఊడితే నువ్వు నన్ను తిడతావు."

మధ్యాహ్నానికి రెండువందలు దాటలేదు. మామూలుగా అయితే పదిహేను వందలు దాటేది. అన్నం తినమంటే వద్దంది. లేస్తే మళ్లీ కూర్చోలేనేమోనని ఆమె భయం. ఆ సమయానికి ఫోను మోగింది. ఎడమచేత్తో తీసి చెవికి పెట్టుకుంది.

"జ్యోతీ, ఒకటి చూసినా" అన్నాడు జయరాముడు. గొంతులో పాత వెలుగు. "ఇంకో జాక్. దీంట్లో ఆయిలే లేదు, మర తిప్పితే లేస్తాది. దిగే సమస్యే లేదంట. దిమ్మెలు కూడా దాంతోనే పంపుతారంట."

"తిప్పయ్యన్నను అడిగినావా?"



"అడిగినా. అది దిగదు గానీ పక్కకు ఒరుగుతాది అన్నాడు. వానిదంతా కడుపుమంట."

జ్యోతిలక్ష్మి ముందున్న పోగులను చూసింది. ఇంకా నాలుగువేల ఎనిమిదివందల పైన.

"ఇను" అంది. గొంతు పెంచలేదు. "రెండు వందలు అతికినా పొద్దున్నుంచి. రెండు వందలే. వేళ్లు ఇంకా దారికి రాలేదు. వస్తాయో రావో నాకు తెలీదు. అవి వచ్చేదాకా, వచ్చినాక కూడా, బండి మన ఇంట్లో నేల మీదే ఉండాల. అది లేచే పనైతే తిప్పయ్యన్న షాపులో లేస్తాది. మన ఇంట్లో లేచిన రోజు నేను ఇంట్లో ఉండను. ఇది కోపంతో చెప్తాండే మాట కాదు. భయమయ్యా నాకు. భయంతో చెప్తాండా."



"వాడు నవ్వుతాడు నన్ను చూసి" అన్నాడు.

"నవ్వనీ."

"సరేలే" అన్నాడు. "అన్నం తిన్నావా?"

"తింటా."

ఫోను పక్కన పెట్టింది. పక్కింటి మగ్గం ఠక్కుమంది, భుజం ఎగిరింది. ఆమె అది దిగేదాకా ఆగి, తర్వాతి కొస వెతికి పట్టుకుంది.